జీవిత బీమాయు సభ్యుని నడవడియు



జీవిత బీమా యనునది మనుష్యుడు తన మరణానంతరము తనవారి పోషణకై చేసికొను ఏర్పాటు. సొమ్ము కట్టువాడొకడు, దాని ఫలము ననుభవించువారు వేఱొకరు. లోకములోని క్రయవిక్రయములలో నిట్టిది మిక్కిలి యరుదు. బియ్యము కొన్నవాడు బియ్యమును తినును. ఇల్లు కొన్నవాడు ఇంటిలో కాపురముండును. ఇచ్చటనో, ఫలము చేతికి వచ్చునప్పటికి కొన్నవాడే యుండడు. ఈ విశేషమునుండియే యొక కఠినమైన ప్రశ్న పుట్టినది. సొమ్ము కట్టినవాడు ఏదేని తప్పుచేసి మరణించెననుకొనుడు. ఆ తప్పునకు శిక్షగా బీమా సొమ్మును నిలిపివేయవచ్చునా? నిలిపివేసినచో ఆ శిక్ష యెవరికి తగులును? దాటిపోయిన వానికా, గడపలో కూర్చుండి యేడ్చుచున్న భార్యాపుత్రులకా? ఈ ప్రశ్నకు వివిధ కాలములలో, వివిధ దేశములలో ఎట్టి సమాధానములు చెప్పబడినవో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

ఈ ప్రశ్న బీమా కంపెనీలతో పుట్టినది కాదు. రోము నగరమునకు దక్షిణమున లనూవియము అను పట్టణము కలదు. అచ్చట 1816లో నొక శాసనము బయల్పడినది. క్రీస్తు శకము 136వ సంవత్సరమున, హేడ్రియను చక్రవర్తి యేలుబడిలో, సామాన్య జనులును బానిసలును కూడ చేరిన యొక సంఘముయొక్క నియమములు దానిపై చెక్కబడి యున్నవి. డయానా దేవత పేరను, చక్రవర్తికి ప్రియుడైన ఆంటినోవసు పేరను ఆ సంఘము నడచెను. చేరునపుడు 100 సెస్టర్సుల నాణెములును, ఒక పెద్ద కూజాడు మంచి ద్రాక్షసారాయమును ఈయవలెను. పిమ్మట నెలకు 5 ఆసుల చొప్పున చందా కట్టవలెను, నాలుగాసులొక సెస్టర్సు. సభ్యుడు చనిపోయినచో అతని యంత్యక్రియలకు 300 సెస్టర్సులు సంఘము వెచ్చించును. అందులో 50 శవము వెంట నడచినవారికి చితికడ పంచిపెట్టుదురు. దిక్కులేని చావు చావరాదను బీదవాని కోరికయే ఈ సంఘమునకు పునాది.

ఈ నియమములలో సభ్యుని నడవడివలన హక్కు పోవు సందర్భములు స్పష్టముగా చెప్పబడినవి. చందా చెల్లింపక నెలలతరబడి బాకీపడి మరణించిన వానికి అంత్యక్రియల ద్రవ్యము లేదు. అతడు మరణశాసనము వ్రాసియుంచినను లేదు. ఏ కారణము చేతనైనను ప్రాణత్యాగము చేసికొన్నవానికిని లేదు. కాని వీనితోపాటు వేఱొక నియమమున్నది. అది నన్ను మిక్కిలి యాకర్షించినది. సభ్యుడు బానిసయై యుండి మరణించినపుడు, వాని యజమానుడు అన్యాయముగా శవము నీయ నిరాకరించినచో, సంఘమువారు ఆ సభ్యుని బొమ్మనుంచి దానికే యంత్యక్రియలు నడపవలయును. అనగా పరుల దౌష్ట్యముచేత సభ్యుని హక్కు చెడదు. తన తప్పు తనకు, ఒరుల తప్పు ఒరులకు అను వివేకము పందొమ్మిదివందల యేండ్లకు ముందే ఆ బీదవారికి కలిగియున్నది. ఆ శాసనము క్రొత్తగా చేరగోరువానికి ఒక హితవును కూడ చెప్పుచున్నది: ముందుగా నియమములను పూర్తిగా చదువుకొని చేరుము, పిమ్మట నీవు నొచ్చుకొనుటగాని నీ వారసునికి తగవు మిగుల్చుటగాని వలదు అని దాని సారాంశము.

అటుపిమ్మట పదునైదువందల యేండ్లకు పైగా గడచినవి. 1706లో ఇంగ్లండున, ఆన్ రాణి యొసగిన సన్నదుతో, లండనునందు అమికబుల్ సొసైటీ యను సంఘ మేర్పడెను. జీవిత బీమా కొఱకే పుట్టిన సంఘములలో దీనిని మొదటిదిగా చెప్పుదురు. ఇందు బీమా చేసికొన్నవారందఱును సభ్యులే. తొలుత ఆ సంఖ్య 2000కు మించరాదని యేర్పాటు. ఏటేట అందఱును కట్టిన ద్రవ్యమునుండి ఆ యేట మరణించినవారి కుటుంబములకు పంచియిచ్చెడివారు.

క్రమముగా ఇతర కంపెనీలును పుట్టి, పాలసీ పత్రములు వ్రాయుటలో కొన్ని షరతులు మామూలయ్యెను. బీమా చేసికొన్నవాడు తనచేత తాను చచ్చినను, ద్వంద్వయుద్ధమున చచ్చినను, న్యాయస్థానపు దండనచేత చచ్చినను పాలసీ చెల్లదని వ్రాసెడివారు. ఇట్టి షరతు ముందే వ్రాసియున్నచో చేరినవాడు తెలిసియే చేరినట్లు. అట్టి షరతు లేనప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న హెన్రీ ఫాంట్లరాయి యను బ్యాంకరు విషయమున వచ్చెను.

ఫాంట్లరాయి లండనులో పెద్ద బ్యాంకు నడపినవాడు, మర్యాదస్థుడని పేరుపొందినవాడు. 1815లో అమికబుల్ సొసైటీలో తన ప్రాణమునకు బీమా చేసికొనెను. ఆ సంవత్సరముననే ఇతరుల పేరనున్న ప్రభుత్వ ఋణపత్రములను అమ్ముటకు దొంగ సంతకములతో అధికారపత్రములు సృష్టించెను. తొమ్మిదేండ్లు ఈ కపటము సాగెను. పట్టుబడువఱకు బీమా చందామాత్రము తప్పక కట్టుచునే వచ్చెను. 1824లో పట్టుబడెను, బ్యాంకు దివాలా తీసెను, నవంబరు 30వ తేదీన న్యూగేటు కారాగారము నెదుట బహిరంగముగా అతనిని ఉరితీసిరి. నాటి శాసనము ప్రకారము కూటలేఖనమునకు, అనగా దొంగపత్రము సృష్టించుటకు, మరణమే దండన.

అతని దివాలా యాస్తిని చూచుకొనుచున్నవారు ఋణదాతల పక్షమున బీమా సొమ్ము నడిగిరి. పాలసీలో ఉరిశిక్షనుగూర్చిన షరతు లేదు కదా యని వారి వాదము. క్రింది న్యాయస్థానము వారికి అనుకూలముగా తీర్పుచెప్పెను. కాని 1830లో ప్రభువుల సభ ఆ తీర్పును కొట్టివేసెను. అప్పటి చాన్సలరు లిండ్‌హర్స్టు ప్రభువు చూపిన హేతువును మీరు శ్రద్ధగా వినవలెను. ఉరిశిక్ష పడినను సొమ్ము చెల్లింతుమని పాలసీలో స్పష్టముగా వ్రాసియుండినచో ఆ కట్టుబాటు న్యాయస్థానమున నిలుచునా? నిలువదు. ఏలయన, నేరమునుండి మనుష్యుని వెనుకకు లాగు పగ్గములలో తన కుటుంబముయొక్క క్షేమచింత యొకటి. తాను ఉరికెక్కినను తనవారికి లోపము లేదని తెలిసినచో ఆ పగ్గము తెగిపోవును. ఇది యాతని యూహ.

ఈ హేతువులోని బలమును కాదనలేము. కాని దాని రెండవ ముఖమును కూడ చూడుడు. నిర్దోషులగు భార్యాపుత్రుల యాకలియే నేరస్థుని భయపెట్టు కొరడా యని దాని యర్థము. తండ్రిని అదుపులో నుంచుటకై బిడ్డను తాకట్టు పెట్టుట వంటిది. పైగా ఫాంట్లరాయి విషయమున ఆ కొరడా పనిచేయనేలేదు. నష్టపడినవారు, అతనిచే నదివఱకే నష్టపోయిన ఋణదాతలు. లాభపడినది తొమ్మిదేండ్లు చందా పుచ్చుకొన్న సంఘము. కాలక్రమమున ఇంగ్లండులో కూటలేఖనమునకు మరణదండన 1837 నాటికి పూర్తిగా తొలగిపోయెను. ఘోరనేరము చేసినవాని యాస్తిని రాజు హరించు పద్ధతిని 1870లో పార్లమెంటు రద్దుచేసెను. రాజే దోషి కుటుంబపు టాస్తిని ముట్టరాదని యొప్పుకొన్న పిమ్మట, బీమా సంఘముమాత్రము ముట్టవచ్చునా యను ప్రశ్న సహజముగానే కలిగెను. అమెరికాలో నిల్లినాయి రాష్ట్రపు న్యాయస్థానము ఇరువదవ శతాబ్దపు తొలి దశకములో, దోషమునుబట్టి ఆస్తి హరింపరాదను తమ రాజ్యాంగ సూత్రమును చూపి, ఉరితీయబడినవాని బీమా సొమ్మును సైతము చెల్లింపుమని తీర్పు చెప్పెను. అదే దేశపు అత్యున్నత న్యాయస్థానము 1902లో అందుకు విరుద్ధముగా చెప్పియుండెను. పెద్దలలోనే యిట్లు భిన్నాభిప్రాయములుండెను.

కంపెనీలమాట యట్లుండ, కార్మికుల పరస్పర సహాయ సంఘములలో నడవడి విచారణ మఱింత సూక్ష్మముగా సాగెను. ఇంగ్లండులో 1793లో జార్జి రోజ్ తెచ్చిన చట్టము ఇట్టి సంఘములకు మొదటిసారిగా శాసనరక్షణ కల్పించెను. త్రాగి పడి కాలు విఱుగగొట్టుకొన్నవానికి, కలహించి దెబ్బలు తిన్నవానికి, దుర్వ్యసనముచే రోగము తెచ్చుకొన్నవానికి జబ్బు భత్యము లేదని అనేక సంఘములు నియమము చేసికొనెను. అమెరికాలో 1868న పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్ పట్టణమున జాన్ జోర్డన్ అప్‌చర్చి యను పనివాడు స్థాపించిన ప్రాచీన ఐక్య కార్మిక సంఘమున, ఒక సభ్యుడు చనిపోయినప్పుడు తక్కినవారు తలకొక డాలరు వేసికొని ఆ కుటుంబమునకు 2000 డాలర్లవఱకు ఇచ్చెడివారు. ఈ కోవకు చెందిన సంఘములలో పెక్కు మద్యవిక్రేతలను చేర్చుకొనవయ్యెను. చేరినపిమ్మట ఆ వృత్తి పట్టినవాని హక్కును త్రోసివేసెను. వారి పక్షమునను న్యాయము లేకపోలేదు. ఎవని చావునకో తాము కూలిడబ్బులనుండి డాలరు తీసి యీయవలసియున్నప్పుడు, వాడు ఒడలు చెడగొట్టుకొనుచుండగా చూచుచు నూరకుండుట యెట్లు? ఒకని నిర్లక్ష్యపు భారము నూర్గురిపై పడును. ఇట సంఘము ధర్మాధికారి వేషము వేయుటలేదు. తన బొక్కసమును కాపాడుకొనుచున్నది. ఈ భేదమును మనస్సునందుంచుకొనుడు.

ఇంతవఱకు బీమా చేసికొన్నవాని తప్పును గూర్చి చెప్పితిని. ఇక సొమ్ము పుచ్చుకొనవలసినవారి తప్పు సంగతి. లివర్‌పూలు నగరమున జేమ్సు మేబ్రిక్ అను ప్రత్తివర్తకుడు 1888లో తన భార్య ఫ్లోరెన్సు పేర 2000 పౌనులకు పాలసీ తీసికొనెను. 1889 మేనెలలో మరణించెను. సంఖియా పాషాణము పెట్టి చంపినదని భార్యపై నేరారోపణ జరిగి, ఆగస్టులో మరణశిక్ష పడెను. పిమ్మట అది యావజ్జీవ ఖైదుగా తగ్గింపబడెను. ఆ తీర్పు న్యాయమైనదా కాదా యని చాలకాలము వాదములు జరిగినవి. 1904లో ఆమెను విడిచిపెట్టిరి. మనకు కావలసినది బీమా సంగతి. భర్తను చంపినదని తీర్పుపడిన భార్యకు ఆ సొమ్ము ఈయరాదనుటలో నెవరికిని సందేహము లేదు. కాని కంపెనీ మఱియొక యడుగు ముందుకు వేసెను: ఆమెకు హక్కు లేదు కాబట్టి మేమెవరికిని ఈయనక్కఱలేదు అని. 1892లో ప్రచురితమైన తీర్పున అప్పీలు న్యాయస్థానము ఈ వాదమును త్రోసిపుచ్చెను. దోషి తన దోషమువలన లాభము పొందరాదు, నిజమే. కాని ఆ సూత్రము దోషిని తొలగించువఱకే పనిచేయును. కంపెనీని ఋణవిముక్తను చేయుటకు పనికిరాదు. కావున ఆ సొమ్ము మృతుని యాస్తిలో చేరవలెనని నిర్ణయించిరి. ఆయనకు ఇద్దరు పసిబిడ్డలుండిరి. దోషి భాగమును కోసివేసి, తక్కినదానిని చెడకుండ నిలిపిన ఈ తీర్పు, ఫాంట్లరాయి తీర్పుకంటె ఎంత ముందడుగో మీరే యూహింపవచ్చును.

మూడవది మిక్కిలి విషాదకరమైనది. మేజరు రోలండ్‌సన్ అను నతడు రాయల్ ఇన్సూరెన్సు కంపెనీలో 1925లో మొత్తము 50,000 పౌనులకు పాలసీలు తీసికొనెను. అప్పులపాలై చందా కట్టలేక, గడువు పొడిగింపులు పొంది, కడపటి గడువు 1934 ఆగస్టు 3వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలకు ముగియుచుండగా, కొలది నిమిషములకు ముందు ప్రాణము తీసికొనెను. మొదటి సంవత్సరములోపల ఆత్మహత్య జరిగిన పాలసీ చెల్లదని షరతు కలదు. ఆ సంవత్సరము ఎన్నడో గడచినది. కావున కంపెనీ మాట యిచ్చినట్లే యని ప్రభువుల సభ 1938లో నొప్పుకొనెను. అయినను నాటి ఇంగ్లండు శాసనమున స్వస్థచిత్తుని యాత్మహత్య నేరము కాబట్టి, నేరఫలమును నేరస్థుని యాస్తికి న్యాయస్థానము చేర్చజాలదని ఆట్కిన్ ప్రభువు తీర్పు చెప్పెను. కాని, ముందుగానే విలువయిచ్చి ఆ పాలసీని వ్రాయించుకొన్న మూడవవాని హక్కునకు ఆటంకమున్నట్లు తనకు తోచదని కూడ ఆయన యనెను. నిర్దోషిని దోషినుండి విడదీయవలెనను తలంపు అచ్చటను తొంగిచూచుచున్నది. 1961లో ఇంగ్లండు పార్లమెంటు ఆత్మహత్యను నేరముల పట్టికనుండి తొలగించినది. దుఃఖపీడితుడైన మనుష్యుడు దండింపదగినవాడు కాడు, ఆదుకొనదగినవాడు అని లోకము తెలిసికొనుటకు అంతకాలము పట్టినది.

ఇట్టి విచారణ పాశ్చాత్యుల సొత్తని యెవరును తలపరాదు. యాజ్ఞవల్క్యస్మృతి దాయభాగ ప్రకరణమున పతితుడు మున్నగువారికి పిత్రార్జితమున భాగము లేదని విధించినది. పతితునకు పాతిత్యానంతరము జన్మించిన కొడుకునకును లేదన్నది. అది నేడు మనకు కఠినముగా తోచును. కాని ఆ వెంటనే, ఇట్లు భాగహీనులైనవారి పుత్రులు దోషరహితులైనచో భాగార్హులనియు, కుమార్తెలను పెండ్లియగువఱకు పోషింపవలెననియు, సాధువర్తన గల భార్యలకు పోషణ కల్పింపవలెననియు చెప్పినది. దానికి కల్యాణి చాళుక్యుల రాజ్యమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరి రచించెను. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలో మనవారికి అందించెను. తప్పు చేసినవాని చేయి త్రోసివేసి, ఆ చేతి క్రింద నున్న బిడ్డ విస్తరిని కాపాడుమనుట ఈ ధర్మముయొక్క హృదయము.

ఆధునిక కాలమున మన దేశపు చట్టములును ఈ దారినే నడచినవి. కులభ్రష్టుడైనంతమాత్రమున ఆస్తిహక్కు పోరాదని 1850 నాటి చట్టము చెప్పినది. శిక్షాస్మృతిలోని ఆస్తిహరణ దండనను తెలుపు రెండు సెక్షనులు 1921లో రద్దయినవి. హత్య చేసినవాడు హతుని యాస్తికి వారసుడు కాజాలడని 1924లో ప్రీవీ కౌన్సిలు తీర్పుచెప్పగా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము దానినే స్థిరపఱచినది.

బీమాకు మఱింత దగ్గఱి చట్టము మఱియొకటి కలదు. అది మన ప్రాంతమునకు సంబంధించినది. భర్త తన భార్యాపుత్రుల క్షేమార్థమని పాలసీపై స్పష్టముగా వ్రాయించినచో, ఆ పాలసీ వారి కొఱకై యుంచిన న్యాసమగును. భర్తకుగాని అతని ఋణదాతలకుగాని దానిపై అధికారము లేదని 1874 నాటి వివాహిత స్త్రీల యాస్తి చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. హిందువులు మున్నగువారి విషయమున దీనిని మదరాసు రాజధానిలో 1913 డిసెంబరు 31వ తేదీ తరువాత తీసికొన్న పాలసీలకు వర్తింపజేసిరి. తక్కిన రాష్ట్రములకు 1923లోగాని ఆ రక్షణ లభింపలేదు. సర్కారు జిల్లాలును రాయలసీమయు నాడు మదరాసు రాజధానిలోనివే. కావున ఆ ప్రాంతపు తెలుగు గృహిణులకు ఈ కవచము తొమ్మిదేండ్లు ముందుగనే యందినది. వ్యాపారమున దెబ్బతిన్నవాడైనను, దుర్వ్యయము చేసినవాడైనను, ఆ యొక్క పత్రమును తన తప్పులతో ముంచలేడు. అప్పులవారిని వంచించు తలంపుతోనే చందాలు కట్టియున్నచో ఆ చందాల మేరకు వారు రాబట్టుకొనవచ్చునను మినహాయింపుమాత్ర మున్నది, అదియు న్యాయమే.

ఇక సభ్యుని యసత్యమును గూర్చి యొక మాట. చేరునపుడు రోగమును దాచినవాడు, వయస్సును మార్చి చెప్పినవాడు, లనూవియపు సంఘమున చందా యెగవేసినవానివంటివాడే. తోడి సభ్యులందఱికిని ద్రోహి. అయినను ముప్పదియేండ్లు చందా పుచ్చుకొని, చచ్చినపిమ్మట వితంతువును నిలబెట్టి, నీ భర్త నాడు అబద్ధమాడెనని సొమ్ము నిరాకరించుట న్యాయమా? సాక్ష్యము చెప్పవలసినవాడు శ్మశానమున నున్నాడు. 1938 నాటి బీమా చట్టము 45వ సెక్షనున, రెండేండ్లు గడచిన పాలసీని, కపటము రుజువైననేగాని, పొరపాటు మాటలను చూపి యాక్షేపింపరాదని కట్టడి చేసిరి. 2015లో ఆ సెక్షనును మార్చి, మూడేండ్లు గడచినపిమ్మట ఏ కారణముచేతను పాలసీని ఆక్షేపింపరాదనిరి. విచారింపదలచినచో మనిషి బ్రతికియుండగనే, వాడు బదులు చెప్పుకొనగల కాలముననే విచారింపుమని తాత్పర్యము. ఆత్మహత్య విషయమున సైతము, పాలసీ తీసికొన్న 12 నెలలలోపల జరిగినచో పూర్తి సొమ్ము రాకపోయినను, కట్టిన చందాలలో నూటికి 80 వంతులైనను కుటుంబమునకు తిరిగి యీయవలెనని 2013లో నిబంధనలు వెలువడెను.

ఈ చరిత్రనంతయు కలిపి చూచినచో తప్పులు మూడు తెఱగులని తేలుచున్నది. సంఘముపట్ల చేసిన తప్పు మొదటిది: చందా యెగవేత, చేరునపుడు కపటము. దీనికి హక్కు పోవుట ఒప్పందములోనిదే. అయినను దానికి కాలపరిమితి యుండవలెను. సొమ్ము పుచ్చుకొనువాడు చేసిన తప్పు రెండవది. వానిని మాత్రమే తొలగింపవలెను; తక్కినవారి భాగము చెడరాదు. బీమా చేసికొన్నవాడు లోకముపట్ల చేసిన తప్పు మూడవది. దానికి లోకము వానినే దండింపవలెనుగాని, వాని వెనుక మిగిలినవారి కూటికుండను పగులగొట్టరాదు. లిండ్‌హర్స్టు ప్రభువు చెప్పిన పగ్గము లేకపోవునే యని యెవరైన భయపడవచ్చును. బిడ్డల యాకలిని తలచి ఆగువాడు వారికి కలుగు తలవంపును తలచియు నాగును; ఆ తలవంపునకు ఏ బీమాయు లేదు.

గృహస్థులైనవారికి నా మనవి యొకటే. మీ పాలసీ పత్రమును పెట్టెయడుగున దాచుటకు ముందు, షరతులన్నియు చదువుడు, చదువలేనిచో చదివించుకొనుడు. అడిగిన ప్రశ్నలకు ఉన్నదున్నట్లు చెప్పుడు. భార్యాపుత్రుల రక్షణకై వ్రాయింపదలచినచో ఆ మాట పత్రముపై స్పష్టముగా వ్రాయింపుడు. వారసునికి ధనము మిగుల్చలేకపోయినను దోషములేదు; తగవు మిగుల్చుట దోషము. లనూవియపు బీదవారు రాతిమీద చెక్కించిన హితవు ఇదియే.